నీ ‘నేను’ ఎవరికి చెబుతున్నాడు?

అమ్మాయ్,

నీ నవల రాతప్రతి, దాంతోపాటు పెట్టిన ఉత్తరం అందాయి. నవల సంగతి తర్వాత చెబుతాను. ముందు ఉత్తరంలో అడిగినదానికి జవాబు రాస్తాను. ఆ జవాబులోనే నవల సంగతి సగం తేలిపోతుంది.

‘లాసరియో దె తోర్మెస్’ అనే పదహారో శతాబ్దపు స్పానిష్ పుస్తకం ఇంగ్లీషులో ఒక్కపూటలో చదివేశానన్నావు. “గుడ్డివాడి దగ్గర సారాయి దొంగతనంగా తాగిన కుర్రాడి కథ. బాగుంది, నవ్వొచ్చింది. కానీ మాస్టారూ, దీనిమీద నాలుగు వందల ఏళ్ళుగా పండితులు ఏం వెతుకుతున్నట్టు?” అని అడిగావు. ఎక్కడో చిన్న చిరాకు కూడా వినిపించింది. వాళ్ళకి వేరే పని లేదా అన్నట్టు. (గుడ్డివాడి కూజాలో ఉన్నది సారాయి కాదు, వైన్. ఆ దేశంలో అది నీళ్ళతో సమానం. నువ్వు సారాయి అనేసరికి కుర్రాడు నిజంగానే చెడిపోయినట్టు వినిపిస్తోంది.)

పండితుల పనిలో కొంత వట్టి డిటెక్టివ్ పనే, ఒప్పుకుంటాను. ఆ పుస్తకం చరిత్ర అలాంటిది. 1554లో ఒక్క ఏడాదిలోనే నాలుగు ఊళ్ళలో అచ్చయింది: బుర్గోస్, అల్కలా, మెదీనా దెల్ కాంపో, ఇప్పటి బెల్జియంలో ఉన్న ఆంట్‌వెర్ప్. ఎక్కడా రచయిత పేరు లేదు. వీటికి ముందే ఇంకో ముద్రణ ఉండి, అది పూర్తిగా కనుమరుగైపోయిందని చాలామంది పండితుల అనుమానం. మెదీనా ముద్రణ సంగతైతే 1992 దాకా ఎవరికీ తెలియదు. స్పెయిన్‌లోని ఎస్త్రెమదూరా ప్రాంతంలో బార్కరోతా అనే ఊళ్ళో ఒక పాత ఇల్లు బాగుచేస్తుంటే గోడ లోపల దాచిన పుస్తకాలు బయటపడ్డాయి. చర్చిని ఎత్తిపొడిచిన పండితుడు ఎరాస్మస్ రచన ఒకటి, హస్తసాముద్రికం మీద కొన్ని, పదిమందిలో చదవలేని రాతప్రతి ఒకటి, వాటి మధ్య మన లాసరియో. నాలుగు శతాబ్దాల పైచిలుకు ఆ పుస్తకాలకి గాలీ వెలుతురూ తగల్లేదు. దొరికిన ఇంటివాళ్ళు కూడా కొన్నేళ్ళు గుట్టుగా ఉంచారు. 1995లో అక్కడి ప్రాంతీయ ప్రభుత్వం కొన్నాకే లోకానికి తెలిసింది.

గోడలో ఎందుకు పెట్టాల్సివచ్చిందో ఊహించడం కష్టం కాదు. 1559లో ఇంక్విజిషన్, అంటే మతద్రోహాన్ని విచారించే చర్చి న్యాయస్థానం, దాని అధిపతి ఫెర్నాందో దె వాల్దెస్ వేయించిన నిషేధ జాబితాలో ఈ పుస్తకం ఉంది. జనం చదవడం మానలేదు, బయటి ముద్రణలు వస్తూనే ఉన్నాయి. చివరికి 1573లో ప్రభుత్వమే కత్తిరించిన ప్రతి ఒకటి వేసింది. నాలుగో అధ్యాయం, ఐదో అధ్యాయం ఎత్తేశారు. నాలుగోదాంట్లో ఊరంతా తిరిగే సన్న్యాసి, ఐదోదాంట్లో దొంగ మహిమ చూపించి పాపవిమోచన పత్రాలు అమ్మేవాడు. ఎవరికి ఎక్కడ తగిలిందో ఆ కత్తెరే చెబుతోంది.

ఇక రచయిత ఎవరన్నది. 1605లో హొసే దె సిగ్వెన్సా అనే మఠ చరిత్రకారుడు, తమ సంప్రదాయంలోని హువాన్ దె ఒర్తేగా రాశాడని, ఆయన గదిలో స్వదస్తూరీ చిత్తుప్రతి దొరికిందని అంటారని రాశాడు. రెండేళ్ళకే ఇంకొకరు దియేగో ఉర్తాదో దె మెండోసా పేరు చెప్పారు. ఆయన రాయబారి, కవి, పెద్ద ఇంటివాడు. ఆ పేరే చాలాకాలం అట్టల మీద నిలిచింది. 1888లో మొరెల్ ఫాసియో అనే ఫ్రెంచి పండితుడు దానికి ఆధారం లేదని తోసేశాడు. మన కాలంలో రోసా నవార్రో దురాన్ అనే పండితురాలు, చక్రవర్తి అయిదో చార్లెస్ కార్యదర్శి అల్ఫోన్సో దె వాల్దెస్ అంటారు (పుస్తకాన్ని నిషేధించిన వాల్దెస్ వేరు). 2010లో మెర్సెదెస్ అగుయో ఒక పాత జాబితా బయటపెట్టి మళ్ళీ మెండోసా దగ్గరికే తీసుకొచ్చారు. 1573 నాటి కత్తిరింపు చేసిన లోపెస్ దె వెలాస్కో కాగితాల్లో ‘లాసరియో ముద్రణకు చేసిన దిద్దుబాట్ల కట్ట’ ఒకటి ఉన్నట్టు ఆ జాబితాలో ఉంది. మెండోసా కాగితాలు కూడా వెలాస్కో చేతికే చేరాయి. అయితే కత్తిరించినవాడి దగ్గర దిద్దుబాట్ల కట్ట ఉండటంలో వింతేముంది అని అవతలివాళ్ళు అడిగారు. నాకూ అదే అనిపించింది.

ఈ వేట సరదాగా ఉంటుంది. కానీ రేపు పొద్దున్న రచయిత పేరు తేలినా ఈ పుస్తకం మీద రాసేవాళ్ళు ఆగరు. నీకు చెప్పాలనుకున్నది అక్కడినుంచి మొదలవుతుంది.

ఫ్రాన్సిస్కో రికో అని స్పెయిన్‌లో గొప్ప పండితుడు. 2024లో పోయారు. జీవితంలో చాలా భాగం ఈ పుస్తకం మీదే పెట్టారు. ఆయన అనేదేమిటంటే, ఈ పుస్తకానికి రచయిత పేరు లేదనడమే సరికాదు. రచయిత పేరు పుస్తకంలోనే ఉంది, లాసరో (లాసరియో అంటే చిన్న లాసరో). తొలి పాఠకుడు దీన్ని నవల అనుకుని తెరవలేదు, అప్పటికి అలాంటి నవల లేదు. స్పెయిన్‌లోని తొలేదో నగరంలో దండోరా వేసే ఒక మామూలు మనిషి నిజంగా రాసుకున్న ఉత్తరం అనుకుని తెరిచాడు. చదువుతూ చదువుతూ ఇది నిజమా కల్పనా అని తికమకపడ్డాడు. అట్ట మీద మెండోసా పేరో మరో పెద్దమనిషి పేరో ఉంటే ఆ తికమక పుట్టేదే కాదు.

ఉత్తరం అన్నాను కదా, నువ్వు గమనించావో లేదో. ఒక్కపూటలో చదివేటప్పుడు జారిపోయే చోటు అదే. ముందుమాట చివర లాసరో అంటాడు: తమరు ఆ సంగతి వివరంగా రాయమని రాశారు కాబట్టి, మధ్యలో ఎత్తుకోకుండా మొదటినుంచీ చెబుతాను, నా గురించి పూర్తిగా తెలుస్తుంది అని. ఎవరా తమరు? చెప్పడు. ఏమిటా సంగతి? చెప్పడు. వెంటనే పుట్టుక మొదలుపెడతాడు. సలమాంకా దగ్గర తోర్మెస్ ఏటి మీద నీటి మర, అక్కడ పిండిపట్టే తండ్రి, జనం బస్తాల్లోంచి ఆయన చేసిన దొంగతనం. నువ్వు కూడా ఆ వరసలో కొట్టుకుపోయి ముందుమాట మరిచిపోయి ఉంటావు. మరిచిపోవాలనే వాడు అలా రాశాడు.

‘ఆ సంగతి’ చిట్టచివరి అధ్యాయంలో గానీ తెలియదు. సాన్ సల్వదోర్ గుడి పెద్ద ఫాదరీ తన ఇంట్లో పనిచేసే ఆమెని లాసరోకిచ్చి పెళ్ళి చేశాడు. పక్కనే ఇల్లు అద్దెకిప్పించాడు. ఏడాదికింత గోధుమలు, పండగలకి మాంసం, పాత బట్టలు పంపుతుంటాడు. ఆమె వంట చేయడానికి, పక్క సర్దడానికి ఫాదరీ ఇంటికి వెళ్ళివస్తుంటుంది. ఊళ్ళో నాలుగు మాటలు పుట్టాయి. పెళ్ళికి ముందే మూడుసార్లు కన్నదని స్నేహితులే చెప్పారు. ఫాదరీ పిలిచి, నలుగురి మాటలు పట్టించుకోకు, నీ లాభం చూసుకో అన్నాడు. లాసరో చూసుకున్నాడు. తొలేదో గుమ్మాల లోపల ఆమెంత మంచిది ఇంకొకతె లేదని ప్రమాణం చేస్తానంటాడు. నాతో ఈ సంగతి ఎత్తినవాడు నాకు మిత్రుడు కాడంటాడు. నేనిప్పుడు అదృష్టానికి శిఖరం మీద ఉన్నానంటాడు.

ఇప్పుడు వెనక్కి వెళ్ళి మొదటి అధ్యాయం చదువు. భర్త పోయాక తల్లి ‘మంచివాళ్ళని ఆశ్రయిస్తే మనమూ వాళ్ళలో ఒకళ్ళమవుతాం’ అనుకుని ఊళ్ళోకి మారింది. చివర లాసరో ఫాదరీని ఆశ్రయించడానికి వాడుకున్న మాట అదే. తల్లి దగ్గరికి గుర్రాలశాలలో పనిచేసే సయీదె అనే నల్లజాతి మనిషి వచ్చిపోయేవాడు. అతను తెచ్చే రొట్టె, మాంసం, చలికాలం కట్టెల వల్ల కుర్రాడికి మెల్లగా అతని మీద ఇష్టం కలిగింది. ఇంట్లోకి తిండి వస్తుంటే గుమ్మంలోకి ఎవరొస్తున్నారని అడగకూడదని వాడు నేర్చుకున్నది అక్కడే. గుడ్డివాడు వాణ్ణి కొట్టి, ఆ గాయాలు వైన్‌తోనే కడిగి, లోకంలో వైన్ వల్ల బాగుపడేవాడు ఎవడన్నా ఉంటే నువ్వేరా అన్నాడు. పెద్దయ్యాక వాడు వీధుల్లో దండోరా వేసి అమ్మిపెట్టేది వైనే. మనం తుంటరి పిల్లాడి చేష్టలనుకుని నవ్వుకున్న ప్రతి ముక్కా ఆ ఆఖరి వాంగ్మూలానికి సాక్ష్యం. ఇప్పుడు పెద్దవాడైన ఆ భర్త, చేతగానితనమని లోకం అనేదాన్ని బతుకుతెరువని ఒప్పించడానికి, తన బాల్యంలోంచి ఏది చెప్పాలో ఏది మానాలో ఏరుకుని చెబుతున్నాడు.

దీన్ని మొదట గట్టిగా పట్టుకున్నవాళ్ళలో క్లౌదియో గియెన్ ఒకరు, 1957లో. తర్వాత రికో 1970లో దృష్టికోణం గురించి ఒక పుస్తకమే రాశారు. లాసరో మంచివాడా చెడ్డవాడా, తనకి తెలిసే వెక్కిరిస్తున్నాడా, రచయిత వాణ్ణి వెక్కిరిస్తున్నాడా అన్న తగువు మాత్రం తీరలేదు. తీరదు కూడా. తీర్పు చెప్పే మనిషిని రచయిత పుస్తకంలో పెట్టలేదు, ఉత్తరం అందుకున్న ‘తమరు’ ఏమనుకున్నారో మనకి తెలియదు. ఆ కుర్చీ ఖాళీ. వచ్చిన ప్రతి తరం అందులో కూర్చుంటోంది. అమెరికో కాస్త్రో కూర్చుంటే, యూదు మతంలోంచి బలవంతాన మారినవాళ్ళ చేదు అందులో వినిపించింది. మార్సెల్ బతయ్యోఁ కూర్చుంటే జానపద హాస్యం, ఫాదరీల మీద పాత కాలపు వెటకారం వినిపించాయి. ఇద్దరూ దిగ్గజాలే, ఇద్దరికీ పుస్తకంలో ఆధారం దొరికింది.

మూడో అధ్యాయం గురించి రాయకుండా ఉండలేను. నువ్వు దాన్ని ‘కాస్త నెమ్మదిగా ఉంది’ అని ఒక్క ముక్కలో దాటేశావు. తొలేదోలో వాడికి దొరికిన యజమాని వంశం తప్ప వరహా లేని పెద్దమనిషి. కత్తి, పైవస్త్రం, నడక అన్నీ ఉన్నాయి. ఇంట్లో కుర్చీ లేదు, పెట్టె లేదు, రొట్టెముక్క లేదు. పొద్దున్నే వచ్చిన కుర్రాడు పదకొండు దాకా, రెండింటిదాకా అన్నం ఎప్పుడు పెడతాడా అని చూస్తాడు. చివరికి తాను అడుక్కొచ్చిన రొట్టెముక్కలు తీసి తింటుంటే, యజమాని పక్కకొచ్చి ఆ ముక్కల్లో పెద్దదాన్ని పుచ్చుకుని, బాగుందిరా, శుభ్రమైన చేతులతోనే పిసికారా అని అడుగుతాడు. మర్నాడు కుర్రాడు ఆవు కాళ్ళ ముక్క, కాస్త బోటీ అడుక్కొస్తాడు. పెద్దమనిషి అడగలేడు, చూపు తిప్పుకోలేడు. కుర్రాడు అది గమనించి, ఆయన పరువు పోకుండా ఆయనచేత తినిపించడానికి దారి వెతుకుతాడు. తిన్నట్టు నలుగురికీ కనబడాలని ఆయన గుమ్మంలో నిలబడి పళ్ళు కుట్టుకుంటాడు. పళ్ళ సందుల్లో ఇరుక్కోవడానికి లోపల ఏమీ లేదు.

ఇంతకుముందు ఇద్దరు యజమానులు ఉండీ పెట్టలేదు. ఇతను లేక పెట్టలేదు. అందుకే నాకు ఇతనంటే జాలి అంటాడు లాసరో. ఆ జాలి గురించి ఒకటి రెండు వాక్యాలే, మిగతాదంతా రొట్టె, పుల్ల, చూపు. ఈ అధ్యాయంలో చరిత్రకారులకి దొరికిన సరుకు చాలా ఉంది. పక్క ఊరి బీదవాళ్ళు అడుక్కుంటే కొరడాదెబ్బలని నగరసభ ఉత్తరువు వేయడం వట్టి కల్పన కాదు. బిచ్చగాళ్ళని ఏం చెయ్యాలన్న దాని మీద 1545లో సలమాంకాలో దొమింగో దె సోతో, ఎదుటిపక్షంవాళ్ళు పుస్తకాలే అచ్చేసి వాదించుకున్నారు. కథ ఏ ఏట జరిగిందన్నదానికి కూడా ఇలాంటి ఆనవాళ్ళే పట్టుకుంటారు. చక్రవర్తి తొలేదోలో సభ జరిపిన ఏడాదే ఇది అని చివరి వాక్యాల్లో ఉంది. అయిదో చార్లెస్ అక్కడ సభ జరిపింది 1525లో ఒకసారి, 1538-39లో ఇంకోసారి. ఏది? దానిమీదే ఎన్నో వ్యాసాలు. నీ నవలలో మాత్రం ప్రతి అధ్యాయం పైనా తేదీ, ఊరు, వార్డు నంబరు వేశావు. ఎందుకమ్మా? మనుషుల భయాలు సరిగ్గా పడితే ఏడాది పాఠకులే లెక్క కడతారు.

నాలుగో అధ్యాయం కొద్ది వాక్యాలే. సన్న్యాసి దగ్గర చేరాడు, జీవితంలో మొదటి జోళ్ళు ఆయనే ఇచ్చాడు, ఆ తిరుగుడుకి ఎనిమిది రోజుల్లో అరిగిపోయాయి. దానివల్లా, ఇంకా నేను చెప్పని కొన్ని చిన్న సంగతులవల్లా ఆయన్ని వదిలేశాను. అయిపోయింది. ఏమిటా సంగతులు? వాటి మీద వ్యాసాలు ఇప్పటికీ వస్తున్నాయి. రాయడం పూర్తికాలేదని కొందరు, కత్తెర పడిందని కొందరు, కావాలనే నోరుమూశాడని కొందరు. నా ఓటు మూడోవాళ్ళకి. అంతా చెప్పేస్తున్నానంటూ మొదలుపెట్టిన మనిషి అక్కడొక్కచోట గొంతు తగ్గించాడు. నీ కథలో హాస్టల్ వార్డెన్ గదిలో జరిగింది నువ్వు ఏడు పేజీలు రాశావు. ఆ కుర్రాడు పెద్దయ్యాక దాన్ని ఏడు పేజీలు చెప్పగలడా? ఒకవేళ చెబితే, ఎవరితో? నీకు తెలుసు కాబట్టి నువ్వు రాశావు. చెప్పాల్సినవాడు వాడు.

గుడ్డివాడి కథలు కొత్తవి కావు, తెలుసా. లండన్‌లో ఉన్న పద్నాలుగో శతాబ్దపు న్యాయగ్రంథం రాతప్రతి అంచుల్లో, గుడ్డివాడి గిన్నెలోంచి కుర్రాడు గొట్టంతో తాగుతున్న బొమ్మ ఉంది. ఫ్రెంచి వీధినాటకాల్లో గుడ్డివాడూ కుర్రాడూ పదమూడో శతాబ్దంనుంచే ఉన్నారు. శవాన్ని మోసుకెళుతుంటే భార్య, ‘తినడం తాగడం లేని చీకటింటికి తీసుకుపోతున్నారే’ అని ఏడవడం, అది విని కుర్రాడు మా ఇంటికే తెస్తున్నారని తలుపు వేసుకోవడం పాత అరబ్బీ హాస్యకథల్లో ఉన్నదే. నలుగురి నోళ్ళలో నలిగిన ముచ్చట్లని ఒక మనిషి బతుకుగా కుట్టాడు ఈ పేరులేనివాడు. అక్కడే వాడి పనితనం. అంతకుముందు గుడ్డివాడి కుర్రాడు ఏ కథలో ఎన్ని దెబ్బలు తిన్నా తర్వాత కథలో మళ్ళీ మొదటిలాగే ఉండేవాడు. లాసరో అలా కాదు. సలమాంకా వంతెన దగ్గర రాతి ఎద్దుకి తల కొట్టించుకున్న రోజే నాకు నిద్ర వదిలిందంటాడు, ఆ దెబ్బ ఆఖరి అధ్యాయం దాకా ఉంటుంది. కాబట్టి నీ మూడో అధ్యాయంలోని సంఘటన ‘వేరే కథల్లో వచ్చేసింది’ అని దిగులుపడకు. రానీ.

ఇది ‘పికరెస్క్’ అనే చాలా పెద్ద సంప్రదాయానికి, అంటే పొట్టకూటికి జిత్తులు నేర్చినవాడు తన కథ తానే చెప్పే నవలలకి, మొదలని చదివి ఉంటావు. మొదలే, అయితే మొదలుపెడుతున్నానని వాడికి తెలియదు. 1555లోనే ఎవరో రెండో భాగం రాసి లాసరోని ట్యూనా చేపగా మార్చి సముద్రం అడుగుకి పంపారు. ఉత్తరం ఎందుకు రాశాడో వాళ్ళకి అర్థం కాలేదు, వింత విషయాలే పుస్తకం అనుకున్నారు. 1599లో మతేవో అలెమాన్ ‘గుస్మాన్ దె అల్ఫరాచే’ రాశాకే, ఈ రెండు పుస్తకాలనీ పక్కపక్కన పెట్టి చూసి, ఇదొక రకం నవల అని జనం గుర్తించారు. 1605 నాటికి సెర్వాంతెస్ నవల ‘దొన్ కిహోతే’లో సంకెళ్ళతో నడుస్తున్న ఒక ఖైదీ, నా ఆత్మకథ వస్తే లాసరియోలాంటివన్నీ మూలన పడతాయని డంబాలు కొడతాడు. పూర్తయిందా అని అడిగితే, నా బతుకు పూర్తికాకుండా అదెలా పూర్తవుతుంది అంటాడు. సెర్వాంతెస్ నవ్వుతున్నాడు కానీ అడిగిన ప్రశ్న చాలా లోతైనది. చెప్పేవాడు బతికే ఉన్నప్పుడు కథ ఎక్కడ ఆపాలి? లాసరో ఆపిన చోటు చూడు. తనకి ఇంకా మంచిరోజులే అని అబద్ధమాడగలిగే ఆఖరి క్షణం అది. ఇంకో ఏడాది ఆగితే ఆ ఉత్తరం రాయలేడు.

ఇక నీ నవల. భాష నీకుంది, దానికి నేను చెప్పేదేమీ లేదు. టిఫిన్ సెంటర్లో పెనం మీద నీళ్ళు చల్లే శబ్దం నుంచి యజమాని మూడ్ పసిగట్టే కుర్రాడు నాకు చాలా నచ్చాడు. కానీ వాడు ‘నేను’ అని మొదలుపెట్టి మూడు వందల పేజీలు మాట్లాడుతున్నాడు, ఎదురుగా ఎవరూ లేరు. అందుకే ప్రతిదీ వివరిస్తున్నాడు. మొదటి పేజీలోనే తాను అమాయకుణ్ణని మనకి చెబుతున్నాడు, చివరి పేజీలో పశ్చాత్తాపపడుతున్నాడు. మధ్యలో ఎక్కడా ఏదీ దాచుకోడు. దాచుకోనివాణ్ణి ఎవరూ రెండోసారి చదవరు.

ఒక పని చెయ్యి. వాడిప్పుడు ఎంత వయసువాడు, ఏం చేస్తున్నాడు, ఎవరో వాణ్ణి ఏదో అడిగారు, ఏమని? ఆ అడిగిన మనిషి చేతిలో వాడి బతుకులో ఏది ఆధారపడి ఉంది? ఉద్యోగమా, ఇల్లా, కూతురి పెళ్ళా? ఆ ప్రశ్న వేరే కాగితం మీద రాసుకో, నవలలో పెట్టనక్కర్లేదు, నాకు పంపనూ అక్కర్లేదు. అది ఎదురుగా పెట్టుకుని మొదటి రెండు అధ్యాయాలు మాత్రం మళ్ళీ రాయి. వార్డెన్ గది ముట్టుకోకు, అది వాడంతట వాడు చెప్పేదాకా ఆగు. తేదీలన్నీ కొట్టెయ్యి. కొత్తగా రాసిన రెండు అధ్యాయాలూ సంక్రాంతి లోపల పంపితే, ఊరికి వెళ్ళేముందే చదివి ఉంచుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు